ప్రార్థనా మందిరంలో రెహల్

నేను ఒక రెహల్‌ని. ఖురాన్ నేలకు తగలకుండా ఒళ్ళోకి ఎత్తుకునే మడత పీటని. ఒకే టేకు పలకను మేకు లేకుండా చీల్చి నన్ను చేశారు. బాపట్లలో మహబూబ్ బీ టీచరమ్మ ఇంట్లో ఏళ్ళ తరబడి హాయిగా ఉన్నాను. హాయిగా ఉన్నదాన్ని ఉండనిస్తే మనుషులెందుకవుతారు?

ఎదురుగా ఉన్న చర్చి పాస్టరు సుందరరావు గారు ఓ రోజు వచ్చారు. శనివారాలు సంఘంతో కలిసి ఖురాన్ చదువుకుంటాం, ఇస్తారా అని అడిగారు.

"చదవడానికా అయ్యగారూ, తప్పులు వెతకడానికా?"

"తెలుసుకోడానికేనమ్మా. ఇన్నేళ్ళు ఎదురెదురుగా ఉండి తెలియకపోతే ఎట్టా?"

"ఇచ్చావంటే అగౌరవం చేస్తారు" అని తమ్ముడు మొత్తుకున్నా వినకుండా, టీచరమ్మ తెలుగు అర్థమున్న తన ఖురాన్‌ని, దానితో నన్నూ ఇచ్చింది. చేతులు కడుక్కుని ముట్టుకోమంది, అంతే. అక్కడ ఏదైనా తేడా వస్తే తమ్ముడి ముందు తలెత్తుకోలేదని నాకు తెలుసు. ఆ భయంతోనే గుమ్మం దాటాను.

చర్చిలో సంఘపెద్ద దీవెనయ్య నన్ను చూసి మూతి ముడిచాడు. "దేవుని మందిరంలో ఇదేంది అయ్యగారూ? వాళ్ళ మసీదులో మన బైబిలు చదువుతారా?"

"వాళ్ళు చదివితేనే మనం చదవాలా?" అన్నారు పాస్టరు.

కొన్ని వారాలు బాగానే గడిచాయి. తర్వాత కొంప మునిగింది. మర్యమ్, అంటే వీళ్ళ మరియమ్మ, ఖర్జూర చెట్టు కింద ఒంటరిగా నొప్పులు పడే చోటు వచ్చేసరికి పాస్టరు కళ్ళు తుడుచుకున్నారు. చెయ్యి అలవాటుగా జేబులోకి పోయింది. గుండెకు తగిలిన మాట కింద ఎర్ర పెన్సిల్‌తో గీయడం వీళ్ళ పద్ధతి. నేను చెక్కని, ఆపలేను. గీత పడిపోయింది.

పుస్తకం కోసం వచ్చిన టీచరమ్మ ఆ పేజీ చూసి పాలిపోయింది.

"మేం ఇందులో చుక్క కూడా పెట్టం అయ్యగారూ. మా తమ్ముడు ఇదే అన్నాడు."

పాస్టరు తన బైబిలు తెరిచి చూపించారు. ప్రతి పేజీ ఎర్రగా ఉంది. "ఏడ్చిన చోటల్లా గీసుకుంటానమ్మా. నాది తప్పే."

ఆమె గీత మీది మాటలు చాలాసేపు చదువుకుంది. పుస్తకం గుండెకు హత్తుకుని వెళ్ళిపోయింది. నన్ను మర్చిపోయిందో, వదిలేసిందో తెలియలేదు.

మరుసటి శనివారం నన్ను ఖాళీగానే విప్పి పెట్టారు. గుమ్మంలో చెప్పులు విడిచిన చప్పుడైంది. టీచరమ్మ, చేతుల్లో ఖురాన్.

"పెన్సిళ్ళు చెప్పుల దగ్గర పెట్టి రండి. ఇవాళ్టి నుంచి నేనూ కూర్చుంటా."

అందరికంటే ముందు దీవెనయ్య లేచాడు. జేబులోని పెన్సిల్ తీసి తన చెప్పుల మీద పెట్టి, చేతులు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి నడిచాడు.