సూరన్న లాగిన్

ఈశ్వరి పేరు కంపెనీ డైరెక్టరీలో లేదు. మనిషి మాత్రం నా టేబుల్ ముందు ఏడుపు దిగమింగుకుంటూ నిలబడి ఉంది.

విశాఖ పోర్టు పక్కన మా బొగ్గు యార్డు. అక్కడ లారీలను కాటా వేసేది ఈశ్వరి, కంప్యూటర్లు చూసేది నేను. సోమవారం కొత్త కాంట్రాక్టర్ వస్తున్నాడు. డైరెక్టరీలో యూజర్‌గా, అంటే సొంత లాగిన్ ఐడీతో, ఉన్నవాళ్లనే పనిలో ఉంచుకుంటాడట.

యార్డు ఫోల్డర్‌లో వెతికాను. ఆఫీసు ఫోల్డర్‌లో వెతికాను. చివరికి మొత్తం డైరెక్టరీని పైనుంచి కిందిదాకా గాలించాను. లేదంటే లేదు. నాకు ఒళ్లు మండింది. ఏళ్ల తరబడి ఆ దుమ్ములో పనిచేసిన మనిషి లేకపోవడమేమిటి, నా తలకాయ!

ఇక మనిషిని వదిలి మెషీన్‌ను వెతికాను. కాటా గది కంప్యూటర్ దొరికింది. పొద్దున దాంట్లో లాగిన్ అయిందెవరయ్యా అంటే సూరన్న. పోయినేడాది మేమంతా వెళ్లి శవానికి దండ వేసి వచ్చిన కాటా గది సూరన్న.

ఈశ్వరి తల దించుకుంది.

"ఆయన పాస్‌వర్డే అందరం కొడతన్నాం మేడమ్. నాకో ఐడీ ఇమ్మంటే ఇత్తాం ఇత్తాం అన్నారు గానీ, ఎవులూ ఇవ్వనేదు."

మేనేజర్ ఉదయ్‌కుమార్ దగ్గరికి వెళ్లాను. డైరెక్టరీలో పేరు లేనిదాన్ని కాంట్రాక్టర్ జాబితాలో ఎలా పంపుతానన్నాడు. ఇప్పుడు కొత్త ఐడీలు కుదరవన్నాడు. పైగా, పోయినవాళ్ల అకౌంట్లు మూసెయ్యమని తను ఎప్పుడో చెప్పాడట, ముందు ఆ పని చూడమని నన్నే కసిరాడు.

సరే, ఆ పనే చూశాను. సూరన్న అకౌంట్ మూసేశాను. ఈశ్వరి వెనక్కి వెళ్లేసరికి కాటా గది స్క్రీన్ లాక్ పడి ఉంది. మళ్లీ తెరుచుకోలేదు.

లారీల వరుస గేటు దాటి రోడ్డెక్కింది. హారన్లతో చెవులు చిల్లులు పడుతున్నాయి. నేను కాటా గదికి వెళ్లేసరికి ఉదయ్‌కుమార్ ఊగిపోతూ వచ్చాడు.

"ఏటిది పుష్పా, కాటా ఎందుకాపేసావ్?"

"మీరు సెప్పిందే సేసాను సార్. ఇన్నాళ్లూ లారీలు తూసింది సూరన్నే అయితే, ఆయన్నే పిలవండి. కాదంటే ఈశ్వరికి ఐడీ ఇమ్మని నాకు మెయిల్ పెట్టండి."

ఆయన రోడ్డు వైపు చూశాడు, ఈశ్వరి వైపు చూశాడు. ఫోన్ తీసి మెయిల్ పెట్టాడు.

యూజర్ తయారు చేశాను. డైరెక్టరీలో ఆమె పేరు కొడితే ఈసారి దొరికింది. కాంట్రాక్టర్‌కు వెళ్లే జాబితాలోనూ చేర్చాను. నాకు కడుపు నిండినట్టయింది. ఈశ్వరి తన పేరుతో లాగిన్ అయి, కాసేపు కీబోర్డు మీంచి చేతులు తియ్యలేదు.

"తూకంలో తేడా వత్తే ఇంక నన్నే అడుగుతారు కదా మేడమ్?"

"నిన్నే అడుగుతారు."

"అడగనీండి," అని మొదటి లారీని కాటా మీదికి రమ్మని చెయ్యి ఊపింది.