ఎదురు బండి పలకరింపు

"లోకంలో మర్యాద చచ్చిపోయింది నోల్," అన్నాడు డెస్. "పొద్దుట్నుంచీ చూస్తున్నా, ఒక్కడంటే ఒక్కడు వేలు లేపితే ఒట్టు."

నోలీన్ ఒళ్ళో ఉన్న ఫ్లాస్కు మూత బిగిసిందో లేదో మరోసారి తిప్పి చూసుకుంది. అప్పుడే దాటిపోయిన తెల్ల బండివాడు స్టీరింగు మీంచి చూపుడు వేలు లేపాడు. ఆమె చూసింది. వాడికి ముందు పోయిన గొర్రెల లారీవాడూ లేపాడు. అంతకుముందు కుక్కని పక్కసీట్లో కూర్చోబెట్టుకుని వచ్చిన ముసలావిడయితే వేలు కాదు, అరచెయ్యి మొత్తం ఊపింది.

ఎంతసేపు పోయినా మనిషి కనబడని దారులవి. ఎదురొచ్చినవాడు ఎవడైనా సరే, స్టీరింగు వదలకుండా ఒక వేలు లేపి పలకరిస్తాడు. నువ్వూ లేపాలి. లేపకపోతే పట్నంవాడని తిట్టుకుంటూ పోతాడు. డెస్‌కి ఆ పలకరింపంటే ప్రాణం. విక్టోరియా రాష్ట్రంలో వార్నంబూల్ చుట్టుపక్కల పాడి రైతుల దగ్గర పాలు పట్టుకుని ట్యాంకరు తోలుతూనే జుట్టు నెరిసినవాడు. ఏ మలుపులో ఏ బండి ఎదురొస్తుందో, దాన్ని తోలేది ఎవరో, వాళ్ళావిడ పేరేమిటో కూడా చెప్పేవాడు. వేలు లేపడంలో అతన్ని మించినవాడు లేడు. అవతలివాడు లేపేలోపే లేపేసేవాడు.

ఇప్పుడు బండి దాటిపోయాక లేపుతున్నాడు. లేదా అసలు లేపడం లేదు.

నాలుగు రోజుల కిందట ఒక చెదపుట్టకి వేలు లేపాడు. దారి పక్కన మనిషెత్తు ఉంది, ఎర్రగా. దానికి ఎవరో సరదాగా పాత చొక్కా తొడిగి, టోపీ పెట్టి పోయారు. నోలీన్ కడుపుబ్బ నవ్వింది. డెస్ కూడా నవ్వాడు, అయితే ఒక క్షణం ఆలస్యంగా. ఆ ఆలస్యమే ఆమెకి గొంతులో చేపముల్లులా గుచ్చుకుని ఉండిపోయింది.

అసలే ఆమె అలిసిపోయి ఉంది. డెస్ ఉద్యోగం మానిన రోజునుంచీ ఒకటే మాట, దేశం చుట్టూ ఒక చుట్టు తిరిగి రావాలని. బండి వెనక తగిలించి లాక్కెళ్ళే, లోపల మంచం, పొయ్యి ఉన్న వ్యాను కొన్నారు. మొదట్లో బాగానే ఉండేది. తర్వాత్తర్వాత రోజూ పొద్దున్నే వ్యానుకి అవే ఇనప కాళ్ళు పైకెత్తి, సాయంత్రం అవే కాళ్ళు కిందికి దించి, అదే నీళ్ళ గొట్టం తగిలించి, ఎవరో వాడి వదిలేసిన బట్టలుతికే మిషను ముందు తువ్వాళ్ళు పట్టుకుని వరసలో నిలబడి... ఎంత దులిపినా దిండు గలీబుల్లో ఎర్రమట్టి. టీలో ఎర్రమట్టి. ఒకసారి కల్లో కూడా ఎర్రమట్టే ఊడుస్తూ కనబడింది తనకి తను. ఇల్లు చేరి, కదలని మంచం మీద పడుకుంటే చాలనిపించేది. కానీ ఆ మాట అంటే డెస్ మొహం ఎలా వాడిపోతుందో తెలుసు.

ఆ సాయంత్రం వింటన్ ఊరి బయట దిగారు. వ్యానులన్నీ వరసగా నిలబెట్టుకునే చోటు అది. ఎండ తగ్గాక అందరూ మడత కుర్చీలు బయటికి తెచ్చుకుని, చేతిలో ఒక గ్లాసు పట్టుకుని కొత్తగా వచ్చేవాళ్ళ తమాషా చూస్తారు. వ్యానుని వెనక్కి తోసి గీతల మధ్య నిలబెట్టడం చూడ్డమే వాళ్ళ సినిమా. నోలీన్ వెనకాల నిలబడి చేతులు ఊపింది. కుడికి అని ఊపితే వ్యాను తిన్నగా ఆమె మీదికే వచ్చింది. పక్కకి దూకింది.

"ఆగు! ఆగవయ్యా బాబూ! నన్ను తొక్కి పెన్షను ఒక్కడివే తిందామనుకున్నావా?"

కుర్చీల్లోంచి నవ్వులు.

"సరిగ్గా ఊపి చావవేం?" అని డెస్ కిటికీలోంచి అరిచాడు.

"విడాకులిచ్చెయ్ తల్లీ, ఇక్కడే సాక్షులం ఉన్నాం!" అని పక్క వ్యాను ముందు కూర్చున్న లావుపాటాయన కేకేశాడు.

ఆయన పేరు కెల్విన్. భార్య గ్లెనిస్. కాసేపటికి నలుగురూ ఒకచోట కూర్చుని జున్నుముక్కలు, ఉప్పు బిస్కట్లు తింటూ ఈగల్ని తోలుకుంటున్నారు.

"నీ మీద కోపంగా ఉందయ్యా నాకు," అన్నాడు కెల్విన్ డెస్‌తో. "పొద్దున వంతెన దగ్గర ఎదురుపడ్డాం. అప్పటికి మేం ఇంకా అటువైపు వెళ్తున్నాం, టైరు పోయి వెనక్కొచ్చాం. నీకు వేలు లేపా. నువ్వేమో రాజుగారిలా ముందుకే చూస్తూ పోయావ్. విక్టోరియా నంబరు ప్లేటు కదా, ఆ మాత్రం పొగరు ఉంటుందిలే అనుకున్నా."

"నువ్వు లేపలేదు," అన్నాడు డెస్. "లేపి ఉంటే నేనూరుకుంటానా?"

"లేపాడండీ," అంది గ్లెనిస్. "లేపి, తిరిగి లేపలేదని మైలు దూరం సణిగాడు. నా ప్రాణం తీశాడు."

"అయితే కొత్త అద్దాలు కొనుక్కో!" కెల్విన్ పకపకా నవ్వి డెస్ భుజం మీద చరిచాడు.

డెస్ కూడా నవ్వాడు. ఆ నవ్వు ఈసారి మరీ ముందుగా వచ్చింది. నోలీన్ గ్లాసు కింద పెట్టింది. వంతెన దగ్గర ఎదురొచ్చిన బండి ఆమెకి గుర్తుంది. పైన పసుపురంగు పడవ బోర్లించి కట్టి ఉంది. అదే పడవ ఇప్పుడు పక్కనే కనబడుతోంది. ఆ బండివాడు వేలు లేపడం ఆమె తన కళ్ళతో చూసింది.

మర్నాడు బౌలియా దారి. తారు ఒక బండి పట్టేంతే ఉంటుంది. మూడేసి ట్రైలర్లు తగిలించుకుని పశువుల్ని మోసుకొచ్చే లారీలు ఎదురైతే మనమే మట్టిలోకి దిగిపోవాలి. వాళ్ళు దిగరు, దిగలేరు. ఆ రాత్రి పడుకుని ఆమె అదే ఆలోచించింది. చెప్పాలి. చెప్తే అతని చేతిలోంచి స్టీరింగు పోతుంది. జీవితమంతా ఆ మనిషి చేతిలో ఉన్నది అదొక్కటే. చెప్పకపోతే?

పొద్దున కాఫీ దగ్గర మొదలుపెట్టింది.

"ఇవాళ ఉండిపోదామా?"

"ఈ ఊళ్ళో ఏముందని? నిన్ననే చూసేశాంగా."

"నడుం పట్టేసింది."

"బౌలియాలో పడుకుందువుగాని. కావాలంటే రెండు రోజులు పడుకో, నేను లేపితే చూడు," అని లేచి, వ్యాను కొక్కెం తగిలించడానికి వెళ్ళాడు. గొలుసులు, కరెంటు ప్లగ్గు అన్నీ చేత్తో తడుముకుంటూ ఎక్కడివక్కడ బిగించాడు. ఆ పని అతను కళ్ళు మూసుకుని కూడా చేయగలడని ఆమె ఎప్పుడూ గొప్పగా చెప్పుకునేది.

ఊరు దాటాక చాలాసేపు ఏమీ ఎదురు కాలేదు. పసుపుపచ్చ గడ్డి, అక్కడక్కడా గద్దలు, చచ్చిన కంగారూలు. తర్వాత దూరంగా, దారి ఆకాశాన్ని తాకేచోట, ఎర్రటి దుమ్ము లేచింది. దుమ్ములో రెండు దీపాలు. నోలీన్ సీటు అంచు పట్టుకుంది.

ఇప్పుడు చూస్తాడు, అనుకుంది. నేను చెప్పను. నేను చెప్పకుండా తనే చూస్తే, నాదంతా పిచ్చి భయమే అన్నమాట. దేవుడా, నాది పిచ్చి భయమే అవ్వాలి.

లారీ పెరిగింది. ముందు కట్టిన ఇనప కమ్ములు కనబడ్డాయి. డెస్ ఏదో పాత పాట కూనిరాగం తీస్తున్నాడు. వేగం తగ్గలేదు. ఇప్పుడు చూస్తాడు. ఇప్పుడు. లారీవాడు దీపాలు కొట్టాడు, ఆర్పాడు, మళ్ళీ కొట్టాడు. కూనిరాగం ఆగలేదు.

"డెస్! దించు! ఎడమకి దించు!"

స్టీరింగు ఒక్కసారిగా తిప్పేశాడు. చక్రాలు మట్టిలో పడ్డాయి, వెనక వ్యాను కుక్క తోకలా అటూ ఇటూ కొట్టుకుంది, అరల్లో గిన్నెలు దబదబా పడ్డాయి. పక్కనుంచి లారీ పోతూనే ఉంది, ఎంతకీ అవలేదు. పశువుల వాసన, చీకటి లాంటి దుమ్ము, టకటకా రాళ్ళు. ముందద్దం మూల పగిలింది. ఎలాగో బండి ఆగింది.

బండ్లవాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకునే రేడియో గరగరమంది.

"ఓ తెల్ల వ్యానూ! బతికే ఉన్నావా? బండి తోలుతున్నావా, కునుకు తీస్తున్నావా ముసలోడా? ఇంకాస్తయితే నిన్ను బంపరు మీంచి గీకాల్సొచ్చేది!"

డెస్ కదల్లేదు. నోలీనే మైకు అందుకుంది. "బతికే ఉన్నామయ్యా. తప్పు మాదే. నువ్వు జాగ్రత్తగా వెళ్ళు."

"జాగ్రత్త నాకు కాదు పెద్దమ్మా, ఆయనకి చెప్పు," అన్నాడు వాడు, గొంతు కాస్త తగ్గించి.

ఇంజను ఆపాక ఈగల మోత ఒక్కటే మిగిలింది.

"ఎండ కళ్ళల్లో పడింది," అన్నాడు డెస్.

"ఎండ మన వీపు వెనకుంది డెస్."

అతను స్టీరింగుని అలాగే పట్టుకుని కూర్చున్నాడు. "మధ్యలో మసక," అన్నాడు. "చుట్టూ బాగానే ఉంటుంది. తారు అంచు కనబడుతుంది, దాన్ని పట్టుకుని పోతున్నా. మధ్యలో మాత్రం ఎవరో బొటనవేలితో నలిపినట్టు ఉంటుంది."

"ఎప్పట్నుంచి?"

"బయల్దేరినప్పుడు ఇంత లేదు."

"బయల్దేరినప్పుడే ఉందన్నమాట!"

"కొంచెం."

"కొంచెమట! నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఇన్ని వేల మైళ్ళు, కొంచెమట! ఆ లారీవాడికి పిల్లలుంటారనైనా తోచలేదా నీకు?" ఆమె అరుస్తూనే ఉంది. తర్వాత అరవడానికి ఓపిక లేక ఆగిపోయింది.

"నిన్ను చూస్తే చెవులు కనబడతాయి," అన్నాడు డెస్ ఆమెవైపు తిరిగి. "మొహం ఉండదు. చెవులు మాత్రం బాగున్నాయి."

"నోరుముయ్," అంది నోలీన్. నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. "తాళాలియ్యి."

"నీకు వ్యాను లాగడం రాదు."

"రాదు."

"ఎప్పుడూ లాగలేదు కూడా."

"లాగలేదు. దిగు."

అతను దిగలేదు. ఆమె తన తలుపు తీసుకుని దిగి, ముందునుంచి చుట్టూ తిరిగి వచ్చి అతని తలుపు పక్కన నిలబడింది. ఈగలు కళ్ళ మీద, పెదాల మీద వాలుతున్నాయి. తోలుకోలేదు. పట్టుబట్టడానికి కూడా బలం లేదామెకి. అతను దిగేదాకా ఎక్కడికీ వెళ్ళకుండా ఉండడం ఒక్కటే చేతనయింది.

"ఇంటికెళ్ళాక ఎలాగూ లైసెన్సు లాక్కుంటారు నోల్," అన్నాడతను లోపల్నుంచి, చిన్నపిల్లాడిలా. "ఆ చుట్టేదో పూర్తయ్యేదాకా... అంతే అనుకున్నా."

"తెలుసు."

"ఎంతో మిగల్లేదు."

"దిగు డెస్."

తలుపు తెరుచుకుంది. అతను దిగి బానెట్ మీద చెయ్యి ఆన్చుకుంటూ అటువైపు నడిచాడు. సగంలో ఆగి, వెనక్కి వెళ్ళి, కొక్కేన్నీ గొలుసుల్నీ ఒకసారి చేత్తో తడిమి చూసి, అప్పుడొచ్చి కూర్చున్నాడు.

ఆమె సీటు ముందుకి జరుపుకుంది. కాళ్ళు అందడానికి వీపు వెనక దిండు పెట్టుకుంది. బండి కదిలించగానే వెనకనుంచి ఎవరో చొక్కా పట్టి లాగుతున్నట్టనిపించింది.

"ఊగితే బ్రేకు తొక్కకూడదు," అన్నాడు డెస్. "తొక్కితే వ్యాను మనల్ని దాటిపోతుంది. కాలు తీసెయ్, అంతే. దాని ఊపు అదే తగ్గించుకుంటుంది."

"సరే."

"మరీ నత్తలా పోతున్నావ్."

"పోతే పోతా."

కాసేపటికి ఎదురుగా దుమ్ము లేచింది.

"వస్తోంది డెస్."

"పెద్దదా?"

"పెద్దదే."

"ఎంత దూరంలో?"

"తెలీదు. దూరంగానే. దీపాలు కనబడుతున్నాయి."

"ఇప్పుడే తగ్గించు. ముందు ఎడమ చక్రాలు దించు. మెల్లగా, మంచం మీంచి కాలు దించినట్టు. తర్వాత మొత్తం దించు. స్టీరింగు పీక నులమకు, ఊరికే పట్టుకో. వాడు పోయేదాకా ఆగు."

దింపింది. ఆగింది. లారీ ఒక యుగంపాటు పోయింది. దుమ్ము సర్దుకున్నాక చూస్తే వేళ్ళు స్టీరింగుకి అతుక్కుపోయి ఉన్నాయి, ఒక్కొక్కటే విప్పుకోవలసి వచ్చింది.

"బాగానే చేశావ్," అన్నాడు డెస్. కొంచెం ఆగి, "బౌలియా తర్వాత?" అన్నాడు.

"ముందు బౌలియా రానీ."

అతను తలూపాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కాసేపు మోకాళ్ళ మీద, కాసేపు తలుపు మీద పెట్టుకున్నాడు. తర్వాత తల కిటికీకి ఆనింది. పక్కకి చూసేసరికి నిద్రపోతున్నాడు, నోరు తెరుచుకుని, గట్టిగా గురక పెడుతూ. పగటిపూట బండిలో అతను నిద్రపోవడం పెళ్ళయ్యాక ఆమె ఎప్పుడూ చూడలేదు. ఎన్ని వారాల నిద్రో అది. ఆ తారు అంచుని పట్టుకుని వేలాడుతూ ఇన్నాళ్ళూ ఎంత అలిసిపోయాడో ఇప్పుడు కనబడుతోంది. అతని మీద కోపం అలాగే ఉంది. దుప్పటి కప్పాలని కూడా ఉంది. రెండిటికీ చేతులు ఖాళీ లేవు.

వెనక ఒక బండి వచ్చి చేరింది, దాని వెనక ఇంకోటి. రేడియోలో ఎవరో విసుక్కున్నారు. ఆమె మట్టిలోకి దించి వాళ్ళని పోనిచ్చి, మళ్ళీ తారెక్కింది. భుజాలు పీకుతున్నాయి. కాసేపు ఏడ్చుకుంటే హాయిగా ఉంటుందనిపించింది గానీ, కళ్ళు మసకబారితే దారి కనబడదు. బౌలియా ఇంకా చాలా దూరం ఉంది.