మేకుకు లేని బిళ్ళ

ఆ కరెంటు ఫ్యాక్టరీలో అందరూ ఆయన్ని ఊచ మేస్త్రి అనేవాళ్ళు. మూరెడు ఇనప ఊచ ఎప్పుడూ నడుముకి వేలాడుతూ ఉండేది. దాని ఒక కొస బాయిలరు గొట్టానికి ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని వింటే లోపల ఎక్కడ చిల్లు పడిందో చెప్పేసేవాడు. చదువు లేదు. సంతకం ఒక్కటే వచ్చు.

ముప్పై ఏళ్ళపాటు ఆ బాయిలరు ఏడాదికి ఒక్కసారి ఆరేది. మిగతా రోజులన్నీ బొగ్గు మింగుతూనే ఉండేది. పగలూ రాత్రీ ఊరికి కరెంటు దాన్నుంచే. తర్వాత ఊరవతల బీడంతా సోలారు పలకలు పరిచారు. ఎండ ఉన్నంతసేపూ వాటి కరెంటే సరిపోతోంది. ఎండ పోతే బొగ్గు వెలిగించమంటారు, ఎండొస్తే ఆపెయ్యమంటారు. వేడెక్కడం, చల్లారడం, మళ్ళీ వేడెక్కడం. ఇనుమైనా ఎంతకని ఓర్చుకుంటుంది? వారానికో గొట్టం పగులుతోంది. నలభై మంది చేసే పని తొమ్మిది మంది నెత్తిన పడింది. బాయిలరులోకి మనిషి దూరే మ్యాన్‌హోల్ దగ్గర కాపలావాణ్ణి కూడా తీసేశారు.

మిగిలింది బిళ్ళల పద్ధతి. లోపలికి దూరేవాడు మెళ్ళో ఇత్తడి బిళ్ళని తీసి మ్యాన్‌హోల్ పక్కన చెక్క మీది మేకుకి తగిలించాలి. బయటికొచ్చాక మళ్ళీ మెళ్ళో వేసుకోవాలి. మేకుకి బిళ్ళ ఉంటే లోపల మనిషి ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఈ పద్ధతి పెట్టించింది మేస్త్రే.

ఆ రోజు బాయిలరు చల్లగా ఉంది. మూడు రోజులుగా ఎండ దంచేస్తోంది కాబట్టి ఆపి ఉంచారు. లోపల నాలుగు చిల్లులు అతకాలి. అరిగిన రెండు చోట్ల ఇనుము పోసి దళసరి చెయ్యాలి. చేసేవాడు మేస్త్రి బావమరిది. భార్యకి తమ్ముడు, వెల్డరు. వాడికి పని నేర్పింది కూడా మేస్త్రే. వాడు నాలుగు చిల్లులూ అతికి, మంచినీళ్ళకని బయటికొచ్చాడు. బిళ్ళ మెళ్ళో వేసుకుని, సీసా ఎత్తి గటగటా తాగి, మూతి తుడుచుకున్నాడు.

"బావా, ఒకటో తారీకు నుంచి నేను సోలారుకి పోతున్నా."

"అక్కడేం చేస్తావురా? అద్దాలు తుడుస్తావా?"

"తుడుస్తా. ఏం, తప్పా? ముప్పై ఏళ్ళు నాలుగు చక్రాలూ మనమే. ఇప్పుడు స్టెప్నీ. పంచరైతేనే గుర్తొస్తాం."

"నోరు ముయ్యి."

"ఈ ముసలిదాన్ని కావలించుకుని నువ్వు చస్తే చావు. మధ్యలో నేనెందుకు?"

మేస్త్రికి మాటలు తక్కువ. చెయ్యి లేచింది. పిడికిలి పంటికి తగిలి బావమరిది పెదవి చీలింది. వాడు తల వంచి పొట్టేలులా మేస్త్రి కడుపులో పొడిచాడు. ఇద్దరూ ఇనప జాలీ మీద దబ్బున పడ్డారు. పడ్డవాళ్ళు పడ్డట్టే కొట్టుకున్నారు. మేస్త్రి వాడి గుండెల మీద మోకాలు పెట్టి మొహం మీద గుద్దాడు. నెత్తురు జాలీ కన్నాల్లోంచి కింది అంతస్తులో సెక్యూరిటీవాడి చొక్కా మీద పడింది. వాడు తలెత్తి చూశాడు.

మేస్త్రి బావమరిది మెళ్ళో బిళ్ళని తాడుతో సహా తెంపి, కింద బూడిద నీళ్ళ గుంటలోకి విసిరేశాడు.

"నీకు బిళ్ళెందుకురా! ఫో! మళ్ళీ ఇటొచ్చావంటే కాళ్ళు విరగ్గొడతా. దీన్ని స్టెప్నీ కానివ్వను. అంతకంటే ముందు నేనే బద్దలు కొట్టేస్తా!"

బావమరిది నెత్తురు ఉమ్మి మెట్లు దిగి గేటు వైపు పోయాడు. మేస్త్రి కుళాయి కింద పిడికిళ్ళు పెట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు.

ఇంతలో మబ్బు పట్టింది. కంట్రోల్ రూమ్ నుంచి చిన్న సారు ఆయాసపడుతూ వచ్చాడు. ఇంజనీరు, కుర్రతనం పోలేదు.

"మేస్త్రీ, సోలారు పడిపోయింది. సాయంత్రానికి మన కరెంటు కావాలంటున్నారు. చిల్లులు అతికేశారా?"

"అతికాం. రెండు చోట్ల దళసరి చెయ్యాలి. అది తర్వాతైనా చెయ్యొచ్చు."

"బాయిలరు ఖాళీయేనా?"

మేస్త్రి చెక్క వైపు చూశాడు. మేకులన్నీ ఖాళీ. మ్యాన్‌హోల్ మూసేముందు లోపలికి తలపెట్టి మూడుసార్లు కేకెయ్యాలి. అదీ ఆయన పెట్టిందే. తల పెట్టాడు. గొట్టాల మలుపుల వెనక ఎవరున్నా అక్కణ్ణించి కనపడరు. ఆ పూట లోపలికి దూరింది బావమరిది ఒక్కడే. కేకేస్తే వాణ్ణి పిలిచినట్టే. నోరు రాలేదు. మూత మూసి ఎనిమిది బోల్టులూ బిగించాడు. ఖాళీ అని కాగితం మీద సంతకం పెట్టాడు.

ఫ్యాన్లు మొదలయ్యాయి. అయిదు నిమిషాలు గాలి తోలి లోపల శుభ్రం చేశాక నూనె మంట వేస్తారు. అలవాటుకొద్దీ మేస్త్రి ఊచని గొట్టానికి ఆనించి చెవి పెట్టాడు.

టక్ టక్ టక్. ఆగి, టక్.

మూడు కొట్టి, ఆగి, ఒకటి. లోపల ఉన్నానని చెప్పే దెబ్బ. ఆ దెబ్బ వాడికి నేర్పింది తనే.

మిగిలిన ఆ రెండు చోట్ల పనీ వదలలేక, వాడు గేటు దాకా వెళ్ళి వెనక్కొచ్చాడు. బిళ్ళ లేకుండానే దూరాడు. తను కుళాయి దగ్గర ఉన్నప్పుడే అయ్యుంటుంది.

బోల్టులు విప్పడానికి అయిదు నిమిషాలు చాలవు. మేస్త్రి మెట్ల మీద ఉరికాడు. రెండు చోట్ల పడ్డాడు. కంట్రోల్ రూమ్ తలుపు భుజంతో గుద్దుకుని లోపలికొచ్చాడు.

"ఆపండి! లోపల మా వాడున్నాడు!"

చిన్న సారు చెవి దగ్గర ఫోను. అవతల ఎవరో అరుస్తున్నారు. "ఖాళీ అని సంతకం పెట్టింది నువ్వేగా?" అన్నాడు చిన్న సారు, ఫోను దించకుండానే.

"బద్దలు కొడతానని ఇందాకే అన్నాడు సార్," అన్నాడు సెక్యూరిటీవాడు, నెత్తుటి చొక్కా చూపిస్తూ. "వెల్డరు గేటు దగ్గరికి పోవడం నేను చూశా. వీడిదంతా నాటకం."

మేస్త్రి ప్యానెల్ మీద మంట ఆర్పే ఎర్ర బటన్ వైపు దూకాడు. సెక్యూరిటీవాడు వెనకనించి మెడ పట్టి లాగాడు. మేస్త్రి వాడి ముంజేతిని కండ ఊడేలా కొరికాడు. ఇంకో సెక్యూరిటీవాడు లాఠీతో భుజం మీద వేశాడు. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినపడింది. మేస్త్రి రెండో చేత్తో ఊచ తిప్పాడు. అది లాఠీవాడి దవడకి తగిలింది, వాడు కుర్చీతో సహా కూలబడ్డాడు. చిన్న సారు అడ్డం వస్తే తలతో ముక్కు మీద పొడిచాడు. ఫోను కిందపడి అరుస్తూనే ఉంది.

"బాయిలరు ఒకటో మూల మంట అందుకుంది!" అన్నారెవరో.

బటన్ మీద అద్దం మూత ఉంది. ఊచ జారిపోయింది. మేస్త్రి వట్టి పిడికిలితో అద్దాన్ని గుద్ది, గాజుపెంకుల్లోంచి బటన్ నొక్కాడు. మంట ఆరింది. అప్పటికి ఎనిమిది సెకన్లు మండింది.

బోల్టులు విప్పుతుంటే చేతిలో గాజుముక్కలు ఇంకా లోపలికి దిగాయి. మూత తీశారు. పొగ, బూడిద, నూనె వాసన. అందులోంచి బావమరిది పాకుతూ వచ్చాడు. నిప్పురవ్వలకి అడ్డం వేసుకునే దుప్పటి కప్పుకున్నాడు కాబట్టి బతికాడు. కనుబొమలు లేవు. ఎడమ చెవి ఉడికిపోయింది. వీపు మీద చొక్కా, చర్మం ఒకటైపోయాయి. లేచి నిలబడలేక మేస్త్రి కాలు పట్టుకున్నాడు. ఆయన వంగితే, రెండు కాళ్ళూ కలిపి గుండెల మీద తన్నాడు.

మేస్త్రి చెయ్యెత్తలేదు.

మంట మళ్ళీ వెయ్యలేదు. సాయంత్రం ఊళ్ళో కరెంటు పోయింది. చిన్న సారు ముక్కుకి దూది పెట్టుకుని రిపోర్టు రాసుకుంటున్నాడు. మేస్త్రి విరిగిన చెయ్యి మెళ్ళో గుడ్డకి వేలాడేసుకుని బూడిద నీళ్ళ గుంటలోకి దిగాడు. రొమ్ములోతు. మునిగి, గాజు కోసి కట్టుకట్టిన రెండో చేత్తోనే అడుగున కెలికాడు. కోసుకుపోయిన చోటల్లా బూడిద సూదుల్లా గుచ్చింది. పొద్దు పోయేలోపల దొరికింది.

ఆసుపత్రిలో బావమరిది బోర్లా పడుకుని ఉన్నాడు. పక్కన మేస్త్రి భార్య. ఆమె మొగుడి వైపు చూడలేదు. లేచి గోడ వైపు తిరిగి నిలబడింది.

"నేనే తెంపాను," అన్నాడు మేస్త్రి. "కేక కూడా వెయ్యలేదు."

బిళ్ళ తుడిచి మంచం మీద పెట్టాడు. బావమరిది తీసి మొహాన కొట్టాడు. కనుబొమ చిట్లింది. మేస్త్రి వంగి ఏరి, మళ్ళీ పెట్టాడు. మళ్ళీ కొట్టాడు. ఈసారి పన్ను కదిలింది. మళ్ళీ పెట్టాడు.

మూడోసారి బావమరిది బిళ్ళ పట్టుకున్నాడు గానీ విసరలేదు. పిడికిట్లో బిగించుకుని, దిండులోకి మొహం పెట్టి అన్నాడు.

"రెండో చోట గీకి వదిలేశా బావా. ఇనుము పొయ్యలేదు. ఇప్పుడు మరీ పల్చన. దాని సంగతి చూసేదాకా ఎవణ్ణీ మంట వెయ్యనివ్వకు."

మేస్త్రి కనుబొమ మీది నెత్తురు తుడుచుకోకుండానే ఫ్యాక్టరీకి నడిచాడు.