కారం కలపకముందు

కూతురు పోయి ఏడాది కావస్తున్నా ఆ ఇంట్లో మాటామంతీ లేదు. చూడలేక టైలర్ అనే ఆ తండ్రిని, అతని భార్యని అతని అక్కే బలవంతంగా సెలవులకు పంపించింది. దిగిన సముద్రతీరపు హోటల్లో జంటలకు థాయ్ వంట నేర్పుతున్నారని తెలిసి, గదిలో ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చోవడం కన్నా నయమని ఇద్దరూ వెళ్లారు.

అతను నిమ్మగడ్డి తరిగాడు. ఆమె కొబ్బరిపాల చారు మరిగించింది. "ఇక మిరపకాయ ముద్ద కలపండి," అంది వంట నేర్పే ఆవిడ. ఆమె చెయ్యి అలవాటు కొద్దీ ముందు రెండు గరిటెలు చిన్న గిన్నెలోకి తీసి పక్కన పెట్టింది. తీశాక గాని చేసిన పని తెలిసిరాలేదు.

పక్క పొయ్యి దగ్గరున్న కొత్త పెళ్లికూతురు నవ్వింది. "పాపకా అక్కా? ఎక్కడుంది?"

ఆమె గిన్నె వైపు చూసింది. భర్తే అందుకున్నాడు. "గదిలో పడుకుందమ్మా. అది కారం ముట్టదు."

ఇక అతని మాటలకు అడ్డూ ఆపూ లేకపోయింది. పాప అల్లరి, పాప బడి, రేపు సముద్రం చూపిస్తామన్న మాట. ఏడాదిగా పెదవి విప్పని మనిషి నవ్వుతూ చెబుతుంటే ఆమె కాదనలేకపోయింది, అవునన్నట్టు తలాడించింది కూడా.

వంట నేర్పే ఆవిడ పక్కన తీసిన ఆ చారు డబ్బాలో పోసి ఇచ్చింది. "వేడిగా ఉండగానే పెట్టండి."

గదిలోకి వచ్చాక ఆమె అడిగింది. "ఎందుకండీ అలా చెప్పారు?"

"లేదనడానికి నోరు రాలేదే."

పారబోయడానికి ఇద్దరికీ చేతులు రాలేదు, తాగుదామంటే గొంతు దిగేది కాదు. డబ్బా మంచం మధ్యలో పెట్టి, చెరో అంచున కూర్చున్నారు. చారు చల్లారిపోయింది.