పొలిమేర దాటిన మారెమ్మ

దొరల కాలంలో, వానలు ఎగ్గొట్టిన ఒక ఏడు, బేతంచెర్ల పక్క పల్లెలో గత్తర పడింది. వాంతులు, భేదులు, ఆపైన పాడె. మారెమ్మ కోపమని ఊరు తేల్చింది. అమ్మను బండిమీద ఎక్కించి పొలిమేర దాటిస్తే పీడ పక్కూరికి పోతుంది. పక్కూళ్లో ఉండేవాళ్లు మనుషులు కారా అని అడిగిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు.

అయితే, లాగేవాడినే అమ్మ పట్టుకుంటే? కుండలో కూడు కుండలోనే ఉండాలి, బిడ్డ గుండ్రాయిలా ఉండాలి అన్నట్టు, పీడ పోవాలి, ఊళ్లో ఎవరికీ ఏమీ కాకూడదు. అందుకని ఊరిపెద్ద సుబ్బన్న కిరస్తానీ పేటనుంచి ఏసన్నను పిలిపించాడు.

"మీరు అమ్మను నమ్మరు గదరా. ఆయమ్మ మిమ్మల్నేం చేస్తాది? బండి లాగు."

ఏసన్న కూతురు ప్రేమమ్మ అప్పటికే భేదులతో మంచం పట్టింది. పేటవాళ్లు ఊరి రాతిబావిని ముట్టుకోకూడదు. పశువులు తొక్కిన వంకలో తవ్వుకున్న చెలమే వాళ్లకు గతి.

"లాగుతా సామీ. మీ బావిలో నీళ్లు తోడుకోనియ్యాల."

"అమ్మ పొలిమేర దాటితే తోడుకోపో."

పొలిమేర రాయి దగ్గర ఎదురుగా ఇంకో బండి వచ్చింది. లాగుతున్నవాడు పక్కూరి ప్రకాశం. ఆదివారం ఏసన్న పక్కనే మోకరించే మనిషి. అతని బండిలోనూ మారెమ్మే, అతనికి ఇచ్చిందీ బావి మాటే.

"ఏం చేద్దామప్పా?" అన్నాడు ఏసన్న.

"బండ్లు మార్చుకుందాం. ఇద్దరి అమ్మలూ దాటినట్టే."

ఏసన్న ప్రకాశం తెచ్చిన బండి లాక్కుంటూ ఊరి రాతిబావి దగ్గరికి వచ్చి నిలిపాడు. సుబ్బన్న మండిపడ్డాడు.

"దాటించమంటే మళ్లా తెచ్చినావేందిరా?"

"మన అమ్మ పోయింది సామీ. ఈమె పక్కూరామె."

ఊరు ఊరంతా పరుగు. బావి దగ్గర బిందెలు, చెప్పులు, సుబ్బన్న తలపాగా మిగిలాయి. ఏసన్న భార్య జ్ఞానమణి వచ్చి బావిలోకి కడవ దించింది. ఇంట్లో బిడ్డ నోట్లో నీళ్లు పోస్తూ మాటిమాటికీ వాకిలివైపు చూసింది. అమ్మవారికి భయపడి కాదు, కర్రలు పట్టుకుని ఎవరైనా వస్తారేమోనని. ఎవరూ రాలేదు.

పక్కూరి అమ్మ ఉన్న బావికి రాలేక ఊరివాళ్లంతా వంక చెలమకు పోసాగారు. అది చూసి ఏసన్నకు ముందు నవ్వొచ్చింది, తర్వాత ఆ నీళ్లు తాగి వీళ్లేమైపోతారోనని భయమేసింది.

ప్రేమమ్మ లేచి కూర్చున్న రోజు సుబ్బన్న దూరంనుంచే కేకేశాడు.

"ఏసన్నప్పా, ఆయమ్మను తీస్కపో అప్పా!"

"ప్రకాశాన్ని అడగాల సామీ. మన అమ్మ పుణ్యాన వాళ్ల పేటలోనూ బావినీళ్లు తాగి పిల్లోల్లు ఇప్పుడిప్పుడే తేరుకుంటాండారంట. అంతవరకూ ఆ చెలమనీళ్లు మాత్రం తాగొద్దు. ఆడనే దూరంగా నిలబడి దోసిలి పట్టండి, మేం పోస్తాం."

సుబ్బన్న అటూ ఇటూ చూసి దోసిలి పట్టాడు.