బస్సెక్కి వచ్చిన మట్టి

మా బుజ్జిదాని రక్తంలో సీసం ఉందని ఆసుపత్రి నర్సమ్మ చెప్పింది. ఇంటికొచ్చి ఆ మాట అనగానే అత్తయ్య నెత్తి కొట్టుకుంది.

"నేను మొత్తుకుంటూనే ఉన్నాను, సీసాపాలు పట్టొద్దే అని!"

"సీసా కాదత్తయ్యా, సీసం. బ్యాటరీల్లో ఉంటుందట. చెత్తగుట్టలోంచి మట్టిలోకి, మట్టిలోంచి మన పాలకూరలోకి ఎక్కిందట."

ఆవిడ మొహం మాడిపోయింది. ఊరి చెత్తంతా పోసే గుట్ట మా ఇంటి వెనకే. దాని కిందున్న చారెడు నేలలో ఆవిడ పెంచే పాలకూర ఆకు అరచేయంత ఉంటుంది.

"నా చేత్తో పెంచిన కూర విషమా? బాగా కడిగి వండితే పోదూ?"

నర్సమ్మని నేనూ అదే అడిగాను. పైన అంటుకున్న మట్టి పోతుంది గానీ ఆకు లోపలికి తాగేసింది పోదంది. పైగా పిల్లకి రక్తం తక్కువట, ఆకుకూర మానొద్దంది. మానకూడదు, ఇక్కడిది పెట్టకూడదు. మా వీధికొచ్చే కూరలన్నీ ఆ గుట్ట కింద మళ్లలోవే. ఇల్లు మారదామంటే మా ఆయన పని ఇక్కడి పాత సామాన్ల కొట్లోనే.

ఏదీ తోచక మా చెల్లెలి ఊరు వెళ్లి గోనెసంచుల్లో మట్టి తెచ్చాను.

"మట్టిని బస్సెక్కించింది మా కోడలు! టికెట్ కొట్టించావా, ఒళ్లో కూర్చోబెట్టుకున్నావా?" అత్తయ్య వీధంతా వినపడేలా నవ్వింది.

"కండక్టరూ అదే అడిగాడు," అన్నాను.

మర్నాడు మా ఆయన కొట్టు నుంచి నల్ల డబ్బాలు పట్టుకొచ్చాడు. పైభాగం కోసేసి, కుళాయి దగ్గర గొంతుక్కూర్చుని, సబ్బు పెట్టి తళతళలాడేలా తోమాడు. లోపల అరలు అరలుగా ఉన్నాయి.

"ఒక్కో మొక్కకి ఒక్కో గది. మనలా ఒక్క గదిలో కుక్కుకోనక్కర్లేదు," అన్నాడు, తన తెలివికి తనే మురిసిపోతూ.

ఆ మట్టి నింపి, పాలకూర గింజలు చల్లి కిటికీ పక్కన పెట్టాం. లేత ఆకులు వచ్చాయి. బుజ్జిది ఆ డబ్బా అంచు పట్టుకునే నిలబడటం నేర్చుకుంది. నన్ను చూస్తే చాలు, "ఆకు" అని నోరు తెరిచేది. ముద్ద దిగిన ప్రతిసారీ నా గుండెల మీద బరువు కూడా కాస్త దిగినట్టుండేది.

మళ్లీ రక్తం తీశారు. తగ్గలేదు సరికదా, పెరిగింది.

"మీరే! నా కన్నుగప్పి మీ మళ్లో కూర పెట్టారు!" అని అత్తయ్య మీద విరుచుకుపడ్డాను. పిల్ల మీద ఒట్టేసి పెట్టలేదంది. నేను నమ్మలేదు. ఆ పూట ఆవిడ అన్నం ముట్టలేదు.

ఇల్లు చూస్తానని నర్సమ్మే వచ్చింది. గడప, పొయ్యి, మంచం కింద అన్నీ చూసి కిటికీ దగ్గర ఆగింది. డబ్బా కొంచెం వంచి, అరల మధ్య గోడ వేలితో తడిమి, మా ఆయన వైపు తిరిగింది.

"ఇవి లారీ బ్యాటరీల డొల్లలు కదయ్యా?"

"అవునండీ. బాగా తోమాను," అన్నాడు. డబ్బా వైపు చూస్తూ, "సబ్బుతో," అన్నాడు.

కొత్తగా వచ్చిన పళ్లతో బుజ్జిది డబ్బా అంచు కొరుకుతోంది. చప్పున లాగేశాను. గుక్కపట్టి ఏడ్చింది.

మొక్కలు పీకేయమని, డబ్బాలు కొట్లో తిరిగిచ్చేయమని, ఈ మట్టి ఇంట్లో ఉంచొద్దని, పిల్లని వెంటనే పెద్దాసుపత్రిలో చూపించమని చెప్పి నర్సమ్మ వెళ్లిపోయింది. మా ఆయన పిల్లకి బట్టలు మార్చసాగాడు. అత్తయ్య తనే కూర్చుని మొక్కలు పీకి, మట్టి సంచికెత్తింది.

"అత్తయ్యా, ఆ రోజు నేనన్న మాట..."

"మాటలు తర్వాత. ముందు పిల్ల చేతులు కడుగు."

కడిగి, సంచి చంకనెత్తుకుని బయటికొచ్చాను. వీధిలో పోస్తే పిల్లలు ఆడుకునే చోటు. కాలవలో పోస్తే ఆ నీళ్లే అందరి మళ్లకీ. గుట్ట మీద పోస్తే వాన పడగానే దిగేది అత్తయ్య మడిలోకే. ఎటూ అడుగు పడక వాకిట్లోనే నిలబడిపోయాను. లోపల బుజ్జిది "ఆకు, ఆకు" అని ఏడుస్తోంది.

అత్తయ్య గుమ్మంలోకి వచ్చింది.

"మళ్లీ బస్సెక్కిస్తావా?" అంది. ఈసారి నవ్వలేదు.

"చెల్లికీ పిల్లలున్నారత్తయ్యా," అన్నాను.