గాజు పట్టీ మీద కుంకుమ

ఆ ఏడాది ఫిల్మ్‌నగర్‌లోని త్రినాథరావు ఆఫీసుకి చవకగా దొరికినవి రెండు. ఒకటి కలర్ లేజర్ ప్రింటర్, రెండోది డైరెక్టర్‌గా ఉదయశ్రీ. ప్రింటు, జిరాక్స్, స్కానింగ్ అన్నీ ఆ ఒక్క పెట్టె చేస్తుంది. కథ, మాటలు, డైరెక్షన్ అన్నీ ఉదయశ్రీ చేస్తుంది. పేరున్న డైరెక్టర్‌కిచ్చే అడ్వాన్సుతో ఈవిడ సినిమా మొత్తం తీసి పెడుతుందని నిర్మాత త్రినాథరావు లోలోపల మురిసిపోయాడు.

ప్రింటర్ కొనిపించిందీ ఆవిడే. అంతకుముందు ఏ కాగితం కావాలన్నా శ్రీనగర్ కాలనీలో సెబాస్టియన్ జిరాక్స్ షాపుకి పంపేవాడు మేనేజర్ సుబ్రహ్మణ్యం. ఆ బిల్లుల్లో ఆయన వాటా ఆయనకి ముట్టేది. ఈ సంగతి త్రినాథరావుకి తప్ప అందరికీ తెలుసు. కథలు బయటి షాపుల్లో తిరగడం మంచిది కాదనీ, రేపు ప్రతి చిన్న ఆఫీసులోనూ ఇలాంటి పెట్టె ఉంటుందనీ ఉదయశ్రీ చెప్పింది. పెట్టె చవకే గానీ లోపలి పొడి ప్రియమనీ, నాలుగు రంగుల డబ్బాలూ మార్చితే ఇంచుమించు ఇంకో పెట్టె కొన్నంత అవుతుందనీ సుబ్రహ్మణ్యం చెప్పాడు. అది నిజమే. కానీ వాటా పోతున్నవాడు నిజం చెప్పినా ఏడుపులాగే వినిపిస్తుంది.

కొత్త పెట్టెతో ఇచ్చే డబ్బాల్లో పొడి సగమే ఉంటుంది. అది చూస్తుండగానే అయిపోయింది. కొత్త డబ్బాల బిల్లు మీద సంతకం పెడుతూ త్రినాథరావు "చారాణా కోడికి బారాణా మసాలా" అని గొణిగాడు. అప్పట్నుంచి ప్రింటర్‌నీ ఉదయశ్రీనీ ఒకే చూపు చూడటం మొదలుపెట్టాడు.

ఇంతలో జూబ్లీహిల్స్‌లో ఉండే ఒక పెద్ద హీరో, కథ క్లుప్తంగా ఫోన్లో విని, పూర్తిగా వింటానన్నాడు. ఆయన సరేనంటే ఉదయశ్రీ డైరెక్టర్. కాదంటే మళ్ళీ ఎవరి వెనకాలో నిలబడి ఎండలో గొడుగు పట్టాల్సిందే. ఏళ్ల తరబడి బోరబండ అద్దె గదిలో రాసుకున్న కథ అది. రెండో అవకాశం ఉండదని త్రినాథరావు మొహం మీదే చెప్పాడు.

వినిపించే రోజు పొద్దున స్క్రిప్టుని గుడిలో పెట్టి, పసుపూ కుంకుమా చల్లించి తెచ్చారు. హీరోకీ, ఆయన తండ్రికీ తలో కాపీ కావాలి. కంప్యూటర్‌లోంచి తీస్తానంది ఉదయశ్రీ. త్రినాథరావు ఒప్పుకోలేదు. స్వామి పాదాలు తాకిన ప్రతినే జిరాక్స్ తీయాలట, అప్పుడే ఆ ఫలం కాపీలకీ అందుతుందట. ఆవిడ పేజీలు దులిపి మిషన్ పైన పెట్టింది.

పేజీలు వాటంతటవే లోపలికి పోతూ సన్నటి గాజు పట్టీ మీదుగా జారతాయి. ఆ పట్టీకి నలుసంత కుంకుమ అంటితే చాలు. కాగితం కదులుతుంది, నలుసు కదలదు. ప్రతి పేజీ మీదా పైనుంచి కిందిదాకా ఎర్ర గీత పడుతుంది. సెబాస్టియన్ షాపులో ప్రతి ముహూర్తానికీ ఈ ముచ్చట చూసినవాడే సుబ్రహ్మణ్యం.

కాపీలు బోర్లా పడుతున్నాయి. ఆయన ఒకటి తిప్పి చూశాడు. మొదటి పేజీలో హీరో వేషం బొమ్మ. నుదుటి మీదుగా, గొంతు మీదుగా కిందిదాకా ఎర్రటి గీత. కాగితం మళ్ళీ బోర్లా పెట్టేశాడు.

"బ్రహ్మాండంగా వస్తున్నాయమ్మా. రాహుకాలం వచ్చేస్తోంది, మీరెళ్లి తయారవండి. పిన్నులు కొట్టి కవర్లో పెట్టే పని నాది."

ఉదయశ్రీ ఆయనకి చేతులెత్తి దణ్ణం పెట్టింది.

హీరో ఇంట్లో త్రినాథరావు పక్కన కూర్చుని ఉదయశ్రీ, పూజ చేయించిన ప్రతి తెరిచి గొంతు సవరించుకుంది. అప్పటికే హీరో తండ్రి తన కాపీ తిప్పాడు. ఒక పేజీ, ఇంకో పేజీ, ఇంకోటి. అన్నిటి మీదా గీతే.

"మా వాడి గొంతు కోసి తెచ్చావా అమ్మా?" అన్నాడు నెమ్మదిగా.

ఒక్క సీను వినమని ఆవిడ బతిమాలింది. హీరో ఫోన్లోంచి తల ఎత్తలేదు. కాఫీ కూడా రాకుండానే బయటికి పంపేశారు.

వాళ్లిద్దరూ ఆఫీసు చేరేసరికి హీరో ఇంటి నుంచి ఫోను వచ్చింది. కథ బాగానే ఉంది, వేరే డైరెక్టర్‌తో రమ్మన్నారు. త్రినాథరావు రెండో ఆలోచన లేకుండా సరేనన్నాడు. ఈసారి కాపీలు సెబాస్టియన్ దగ్గరే తీయించమన్నాడు. ఆ డైరెక్టర్ కింద అసోసియేట్‌గా ఉంటే ఉండమని, లేకపోతే దారి చూసుకోమని ఉదయశ్రీకి చెప్పి గదిలోకి వెళ్లిపోయాడు.

ఆవిడ మిషన్ మూత ఎత్తి చూసింది. గాజు పట్టీ మీద ఎర్ర నలుసు. కాగితం తిప్పి చూసిన మనిషి ఎవరో అప్పుడు గుర్తొచ్చింది.

"మీరు చూశారు కదా, సుబ్రహ్మణ్యం గారూ?"

ఆయన కాదనలేదు. తుడవబోతున్న ఆవిడ చేతిలోంచి గుడ్డ తీసుకున్నాడు.

"దేవుడి కుంకుమ తల్లీ, తుడిచి పారెయ్యకూడదు. బొట్టు పెట్టుకో."

గది అద్దంలోంచి త్రినాథరావు ఇటే చూస్తున్నాడు. అసోసియేట్ పనైనా మిగలాలి. ఉదయశ్రీ ఆ నలుసుని వేలితో అద్ది, నుదుట పెట్టుకుంది.